ఎనిమిది థౌల హద్దు: మా హెరాల్డ్ ఇంజను డైరీ

2024 జనవరి 14, భోగి

పొద్దున భోగి మంట చుట్టూ నిలబడి ఉండగా ఎదురింటి పెద్దాయన మా షెడ్డు వైపు చూసి, "ఆ ఇంజను కూడా పాతదే కదమ్మా, ఇంకా ఎన్నాళ్ళు దాచుకుంటారు?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాన్న వినిపించుకోనట్టు మంటలో ఇంకో పిడక వేశారు. ఈ ఏడాది ఇంజను మొత్తం విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, ఆ కొలతలన్నీ ఈ పుస్తకంలో రాసిపెట్టాలని నేను అక్కడే నిర్ణయించుకున్నాను. బాగుపడుతుందో లేదో కొలిచాక మాట్లాడుకుందాం.

కారు 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో తప్ప మరెక్కడా తయారు కాలేదు. ఇది పుట్టింది మా చెన్నైలోనే, వండలూరు దగ్గరి కర్మాగారంలో. నాన్న పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, 1978లో, రెండో చేతి బండిగా కొన్నారు. నేను బడికి వెళ్ళింది ఇందులోనే.

మొన్న డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచేసి వెళ్ళింది. విల్లివాక్కంలో మా వీధిలో నీళ్ళు హెరాల్డ్ హెడ్‌లైట్ల దాకా వచ్చాయి. రెండు రోజులు నిలిచాయి. నీళ్ళు తీయగానే నేను చేసిన మొదటి పని తాళంచెవి దాచేయడం. సిలిండరులో నీళ్ళుండగా స్టార్టు చేస్తే పిస్టన్ పైకి వచ్చి నీటిని నొక్కుతుంది. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వరదల తర్వాత మా వీధిలో రెండు కార్లు అలాగే పాడయ్యాయి. స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి చూస్తే మూడో సిలిండరులో నిజంగానే నీళ్ళున్నాయి. బండి ఆగినప్పుడు దాని ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండిపోయింది. పొగగొట్టం దారిన నీరు లోపలికి చేరింది. పీల్చి తీసేసి, నాలుగింటిలోనూ నూనె పోసి ఉంచాను.

ఈ రోజు ఇంజను అడుగున నూనె నిలిచే సంపు ప్లగ్గు విప్పాను. నాలుగు లీటర్లు పట్టే సంపు నుంచి ఆరు లీటర్లకు పైగా కారింది. ముందు నీళ్ళు, వెనక వెన్నలాంటి తెల్లటి ముద్ద. నాన్న కుర్చీలో కూర్చుని ఆ బకెట్టు వైపు చాలాసేపు చూశారు.

2024 జనవరి 28

ఈ వారమంతా సలహాలే. ఇంజను తీసి పారేసి మారుతి ఇంజను ఏదైనా బిగించమన్నవాళ్ళు అయిదుగురు. అలా మార్చుకున్న హెరాల్డ్‌లు ఈ ఊళ్ళో ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. కానీ ఆ సలహాతోపాటు వచ్చే మాట ఒకటి నాకు మింగుడుపడలేదు: "ఆ ఇంజను మొదటినుంచీ బలహీనమైనదే." ఇది నిజం కాదు. ఎందుకు కాదో ఇక్కడ రాసుకుంటాను.

ఈ ఇంజను వంశం 1953లో ఇంగ్లండులో స్టాండర్డ్ ఎయిట్ అనే చిన్న కారుతో మొదలైంది. అప్పుడు 803 సీసీ. బోరు, అంటే సిలిండరు వ్యాసం, 58 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 76. తర్వాత బోరు 63కు పెంచి 948 సీసీ చేశారు. మా హెరాల్డ్‌లో ఉన్నది అదే. 69.3కు పెంచితే 1147 సీసీ. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు ఆ ఇంజనే పెట్టారు, 63 హార్స్‌పవర్‌తో. 1967 నాటి మూడో స్పిట్‌ఫైర్‌కు 73.7 బోరుతో 1296 సీసీ, 75 హార్స్‌పవర్. ఇన్ని మార్పుల్లోనూ స్ట్రోకు మాత్రం 76 దగ్గరే ఉంది. అంటే మా షెడ్డులో ఉన్నది స్పిట్‌ఫైర్ ఇంజనుకు సొంత అన్న.

ఆ తర్వాతే స్ట్రోకును 87.5కు పెంచి 1493 సీసీ చేశారు. నా దృష్టిలో ఈ వంశానికి చెడ్డపేరు తెచ్చిన అడుగు అది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టును, పట్టుకునే మెయిన్ బేరింగులు మొదటినుంచీ మూడే. లెక్క వేసి చూశాను: 76 స్ట్రోకుతో నిమిషానికి 5000 చుట్లు తిరిగితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.7 మీటర్లు. 87.5 స్ట్రోకుతో 5500 తిరిగితే 16 మీటర్లు. మూడు బేరింగుల మీద అంత పొడుగు క్రాంకును ఆ వేగంతో గంటల తరబడి తిప్పితే కనెక్టింగ్ రాడ్లు క్రాంకును పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగులు అరగక ఏమవుతాయి? పొట్టి స్ట్రోకు ఇంజనుకు ఆ కష్టం లేదు. 1965లో ల మాన్ 24 గంటల పందెంలో 1147 సీసీ స్పిట్‌ఫైర్ మొత్తం మీద 13వ స్థానంలో, తన తరగతిలో మొదటి స్థానంలో ముగించింది. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా పరుగెత్తిన ఇంజనును బలహీనమైనదని ఎలా అంటారు?

ఇంకో విషయం చదివి నాన్నకు చెప్పాను. 1960లలో జర్మనీలో నేల మీదా నీటి మీదా నడిచే ఆంఫికార్ అనే కారు తయారైంది. దాని వెనుక భాగంలో బిగించింది కూడా ఈ 1147 సీసీ ఇంజనే. "అయితే మనది నీళ్ళకు భయపడే జాతి కాదన్నమాట" అని నాన్న డిసెంబరు తర్వాత మొదటిసారి నవ్వారు.

2024 ఫిబ్రవరి 4

ఇంజను దించకముందు ఒక కొలత తప్పకుండా తీయాలి. దించాక అదే పరిస్థితిలో మళ్ళీ తీయలేం. అది క్రాంక్ షాఫ్ట్ ఎండ్ ప్లే, అంటే క్రాంకు ముందుకీ వెనక్కీ జరిగే ఆట.

ఈ ఇంజనుకు అసలైన బలహీనత ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. క్రాంకు నిలువుగా ఊగకుండా మూడు బేరింగులు చూసుకుంటాయి. పొడవునా జరగకుండా ఆపేది మాత్రం వెనకటి మెయిన్ బేరింగుకు అటొకటి ఇటొకటి కూర్చునే రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. క్లచ్ నొక్కిన ప్రతిసారీ ఫ్లైవీలు ద్వారా క్రాంకు మొత్తం ముందుకు నెట్టబడుతుంది. ఆ తోపుడంతా గేరుబాక్సు వైపు వాషరు మీద పడుతుంది. అది అరిగి అరిగి పలచబడితే ఒకరోజు తన గాడిలోంచి జారి సంపులో పడిపోతుంది. ఆ తర్వాత క్రాంకు ఉక్కు నేరుగా ఇంజను బ్లాకు పోత ఇనుమును తినడం మొదలుపెడుతుంది. అక్కడితో బ్లాకు పని అయిపోయినట్టే. రెండు చిన్న వాషర్ల ధర ఎక్కడ, బ్లాకు ధర ఎక్కడ!

ఉండాల్సిన ఆట నాలుగు నుంచి ఎనిమిది థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్లలో 0.10 నుంచి 0.20. అంబత్తూరులో ఒక కర్మాగారంలో కొలతల విభాగంలో 22 ఏళ్ళు పనిచేశాను కాబట్టి డయల్ గేజి నాకు చేతి వేలు లాంటిది. దాని అయస్కాంతపు పీఠాన్ని బ్లాకుకు అంటించి, ముల్లు కొనను ముందు పుల్లీ మీద ఆనించాను. మా అక్క కొడుకు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"నొక్కనా పిన్నీ?"

"మెల్లగా, చివరిదాకా నొక్కు."

నొక్కాడు. పుల్లీ ముందుకు జరగడం గేజి అక్కరలేకుండానే కంటికి కనిపించింది. గేజి చూపింది 0.43 మిల్లీమీటర్లు. పదిహేడు థౌలు. హద్దుకు రెండింతలు దాటింది. అయిదుసార్లు తీశాం, ప్రతిసారీ 0.42, 0.43.

నాన్నను అడిగాను, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఏం చేసేవారని. మొదటి గేరులో ఉంచి, క్లచ్ నొక్కిపట్టి, పచ్చ లైటు కోసం చూసేవారట. నలభై ఏళ్ళ పాటు, పాడి కూడలి దగ్గరా, కీల్పాక్ దగ్గరా. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజనులో నూనె ఒత్తిడి అన్నిటికన్నా తక్కువ. సరిగ్గా అప్పుడే వాషరు మీద అన్నిటికన్నా ఎక్కువ తోపుడు. నేను వివరించాక నాన్న తన ఎడమ కాలి వైపు చూసుకుని, "నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. నిజమే, చాలామంది అలాగే నడుపుతారు. ఎవరికి మాత్రం తెలుసు?

2024 ఫిబ్రవరి 18

ఇంజను బయటికి వచ్చింది. హెరాల్డ్‌లో ఈ పని సులువు. బానెట్టు, ముందు మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకు వాలుతుంది. ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఈ సౌకర్యం తర్వాతి కార్లలో ఎందుకు పోయిందో అని ప్రతిసారీ బాధపడతాను.

నెల్లూరు నుంచి యాభై ఏళ్ళ కిందట మద్రాసు వచ్చి స్థిరపడిన మేస్త్రి గారు ఒకరు సాయానికి వచ్చారు. షోలవరం విమానాల పాత రన్‌వే మీద కార్ల పందేలు జరిగే రోజుల్లో ఆయన కుర్రవాడు, అక్కడ స్పానర్లు అందించేవాడు. "అమ్మా, అప్పట్లో హెరాల్డ్ ఇంజను విప్పితే మేం ముందు సంపులో చేయి పెట్టి వెతికేవాళ్ళం. వాషరు ముక్క దొరికితే బ్లాకు చూడక్కర్లేదు, ఇంటికి పొమ్మనేవాళ్ళం" అన్నారు. మేమూ వెతికాం. ముక్క దొరకలేదు. వెనకటి మెయిన్ బేరింగు క్యాపు విప్పగానే రెండు వాషర్లూ తమ చోటే ఉన్నాయి. గేరుబాక్సు వైపుది మీది తెల్ల లోహమంతా పోయి, కింది ఉక్కు నిగనిగలాడుతోంది. బ్లాకు ముఖాన్ని వేలితో తడిమాను. గీత లేదు. ఇంకో రెండు మూడు వేల కిలోమీటర్లు నడిచి ఉంటే ఈ డైరీ ఇక్కడే ఆగిపోయేది. ఒక విధంగా వరదే ఈ ఇంజనును కాపాడింది.

మిగిలిన కొలతలు. పిస్టన్ల మీద +20 అని, అంటే 20 థౌలు పెద్దవని, ముద్ర ఉంది. అంటే ఒకసారి రీబోరు అయింది, సిలిండర్లను కోసి వెడల్పు చేశారు. 1984లో చేయించినట్టు నాన్నకు గుర్తు. ఆ లెక్కన బోరు 63.51 ఉండాలి. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు పైభాగంలో 63.60 దాకా అరిగాయి. మూడోది 63.66, పైగా నీరు నిలిచిన చోట గోడ చుట్టూ తుప్పు వలయం. గోరు తగులుతోంది. హోనింగుతో, అంటే పైపైన రాతితో రుద్దితే, పోయే లోతు కాదు. కాబట్టి +40కి రీబోరు చేయించాలి, 64.02 మిల్లీమీటర్లు. దానివల్ల ఇంజను 978 సీసీ అవుతుంది. ఇక్కడితో ఈ బ్లాకుకు బోరు పెంచే అవకాశం దాదాపు అయిపోతుంది. మళ్ళీ అవసరం పడితే స్లీవులు, అంటే కొత్త గోడగా లోపల దూర్చే గొట్టాలు, వేయాలి.

క్రాంకు జర్నళ్ళు, అంటే బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు, ఇప్పటిదాకా గ్రైండింగు చూడలేదు. అన్నీ ఒకటిన్నర థౌల మేర కోలగా అరిగాయి. 10 థౌలు గ్రైండు చేస్తే సరిపోతుంది. యాభై నాలుగేళ్ళ ఇంజనులో మొదటిసారి క్రాంకు గ్రైండింగుకు వెళ్ళడం! బలహీనమైనదని చెప్పినవాళ్ళకు ఈ కాగితం చూపించాలని ఉంది.

2024 మార్చి 17

ఈ నెల బాధ కలిగించింది.

క్రాంకును ఒక గ్రైండింగు షాపుకు ఇచ్చాను. పదకొండు రోజుల తర్వాత మెరిసిపోతూ వచ్చింది. మైక్రోమీటరుతో చూస్తే కొలత చక్కగా ఉంది. కానీ జర్నలు ముగిసి పక్క గోడ మొదలయ్యే మూల దగ్గర వేలు పెట్టగానే గుండె జారింది. అక్కడ సన్నటి గుండ్రటి వంపు ఉండాలి. గ్రైండింగు రాయి అంచును ఆ వంపుకు తగ్గట్టు చెక్కుకోకుండా వాడితే మూల కత్తిలా నిలువుగా తెగుతుంది. చూడటానికి అదే శుభ్రంగా కనిపిస్తుంది. తిరిగే ప్రతి చుట్టులోనూ క్రాంకు రవ్వంత వంగి లేస్తుంది. ఆ వంపు బలమంతా పదునైన మూలలోకి చేరుతుంది, అక్కడినుంచే పగులు మొదలవుతుంది. అయిదు బేరింగుల ఇంజనులోనే అది తప్పు. రెండేసి సిలిండర్లు దాటితే గానీ ఇంకో బేరింగు రాని మూడు బేరింగుల ఇంజనులో అది ప్రమాదం.

షాపుకు తీసుకెళ్ళి చూపించాను. "ఇన్నేళ్ళుగా ఇలాగే చేస్తున్నాం, ఒక్కటీ తిరిగి రాలేదు" అన్నారు. తిరిగి రాకపోవడానికి కారణం అవి విరగకపోవడమో, విరిగాక మనుషులు మళ్ళీ ఆ షాపుకు రాకపోవడమో ఎవరు చెప్పగలరు? వాదించలేదు. డబ్బు పోయింది, 10 థౌల లోహమూ పోయింది.

మేస్త్రి గారు గిండీలో తనకు తెలిసిన, చేయి తిరిగిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన క్రాంకును చేతిలోకి తీసుకోగానే ముందుగా ఆ మూలనే చూశారు. ఒక్క మాట మాట్లాడకుండా తల అడ్డంగా ఊపారు. 20 థౌలకు మళ్ళీ గ్రైండు చేసి, వంపును సరిగ్గా తీసి, పగుళ్ళ కోసం అయస్కాంతపు పరీక్ష కూడా చేయించి ఇచ్చారు. పగులు లేదు. క్రాంకు షాపుకు ఇచ్చేవారు ఎవరైనా సరే, జర్నలు వ్యాసం అడిగే ముందు ఆ మూల గురించి అడగండి.

2024 ఏప్రిల్ 21

సిలిండర్ హెడ్. ఈ ఇంజను రూపొందిన కాలంలో పెట్రోలులో సీసం ఉండేది. ఎగ్జాస్ట్ వాల్వు తన సీటు మీద ప్రతిసారీ కొట్టుకునేటప్పుడు ఆ సీసపు పొర మెత్తటి దిండులా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పోత ఇనుములోనే చెక్కిన పాత సీట్లు అప్పటినుంచీ మెల్లగా లోపలికి కుంగుతున్నాయి. ట్యాపెట్ల సందు తరచుగా తగ్గిపోతోందని నాన్న అనేవారు. ఇప్పుడు తెలిసింది కారణం. ఎగ్జాస్ట్ వైపు నాలుగింటికీ గట్టి ఉక్కు సీట్లు వేయించాను. గైడ్లు కొత్తవి. వాల్వు సందు చల్లగా ఉన్నప్పుడు పది థౌలు.

సీసం సంగతి తీరిందనుకుంటే ఇప్పుడు ఇథనాల్. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఆనాటి రబ్బరు గొట్టాలు అందులో నానితే ఉబ్బి, మెత్తబడి, లోపలి పొరలు ఊడి కార్బురేటరులో పెట్రోలు చిమ్మే జెట్టులో ఇరుక్కుంటాయి. వేడి ఇంజను మీద పెట్రోలు గొట్టం చీలితే జరిగేది తలచుకోవడానికే భయం. గొట్టాలన్నీ వైటన్ రకానివి, పెట్రోలు పంపుకు ఇథనాల్ తట్టుకునే డయాఫ్రం తెప్పించాను. ఇథనాల్‌లోనే ఆక్సిజను ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. సోలెక్స్ కార్బురేటరుకు ఒక మెట్టు పెద్ద జెట్టు సిద్ధం చేసుకున్నాను.

మా అక్క కొడుకు ఒకటే పట్టు, రెండు ఎస్‌యూ రకం కార్బురేటర్లు పెడదామని. వాడి కోరికలో న్యాయముంది. ఇంగ్లండులో ఇదే 948 సీసీ ఇంజను ఒక్క కార్బురేటరుతో 34.5 హార్స్‌పవర్ ఇస్తే, హెరాల్డ్ కూపేలో రెండు ఎస్‌యూలతో, కాస్త పెంచిన కంప్రెషనుతో 45 ఇచ్చేది. స్పిట్‌ఫైర్ గుణం ఈ ఇంజనులో దాగే ఉంది. కానీ కింది భాగం నిలకడగా ఉందని వెయ్యి కిలోమీటర్ల కొలత చెప్పేదాకా పైభాగంలో బలం పెంచను. వాడు కాదనలేదు, ముఖం మాత్రం ముడుచుకున్నాడు.

2024 మే 26, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండ. షెడ్డులో ఇనుము ముట్టుకుంటే చేయి కాలుతోంది. కొలతలు తీయడానికి ఇది చెడ్డ కాలం. ఉక్కూ ఇనుమూ వేడికి సాగుతాయి. అందుకని భాగాలన్నీ ముందు రాత్రే ముందుగదిలో ఫ్యాను కింద పెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు పని మొదలుపెట్టాం. నాన్న కాఫీ కలిపి తెచ్చారు.

బేరింగులు, వాషర్లు, గాస్కెట్లు ఇంగ్లండు నుంచి వచ్చాయి. స్పిట్‌ఫైర్‌ను ప్రేమించేవాళ్ళు అక్కడ ఇంకా వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ళ పుణ్యమా అని ఈ వంశంలోని భాగాలు నేటికీ తయారవుతున్నాయి. పిస్టన్లు మాత్రం జీపీ రోడ్డులో ఒక పాత కొట్టు అటక మీద, ముప్పై ఏళ్ళుగా మూత తీయని అట్టపెట్టెలో దొరికాయి.

క్రాంకును కూర్చోబెట్టి, ముందు రెండు మామూలు మందం వాషర్లతో ఆట చూశాను. 0.29. కొత్త వాషర్లతో కూడా హద్దు దాటుతోందంటే క్రాంకు ముఖం కొంత అరిగిందన్నమాట. ఇందుకోసమే అయిదు థౌలు మందం ఎక్కువ ఉన్న వాషర్లు దొరుకుతాయి. గేరుబాక్సు వైపు దాన్ని వేశాను. 0.29లోంచి 0.13 తీసేస్తే 0.16 రావాలి. గేజి చూపింది 0.16. ఆరు థౌల పైన కాస్త. ఎనిమిది థౌల హద్దులోపల.

ఇక్కడ ఒక హెచ్చరిక. వాషరుకు ఒక వైపు నూనె గాడులు ఉంటాయి. ఆ వైపు క్రాంకు వైపు తిరిగి ఉండాలి. తిరగేసి బిగిస్తే మెత్తటి లోహం బ్లాకు వైపు, గట్టి ఉక్కు తిరిగే క్రాంకు వైపు పడుతుంది. కొద్ది రోజుల్లోనే క్రాంకు ముఖం చెడుతుంది. బిగించాక ఆ తప్పు బయటికి కనిపించదు. క్యాపు మూసే ముందు నేను చూశాను, మేస్త్రి గారు చూశారు, మా అక్క కొడుకు చూశాడు.

వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్టుకు బయటినుంచి వేరే నూనె గొట్టం వేయమని కొందరు చెబుతారు. పైన రాకర్లు తొందరగా అరుగుతాయన్నది నిజమే. కానీ ఆ గొట్టం గుండా పైకి పోయే నూనె కింది బేరింగులకు అందవలసినది. రాకరు అరిగితే చప్పుడు చేసి చెబుతుంది, సాయంత్రానికి మార్చుకోవచ్చు. బిగ్ ఎండ్ అరిగితే ఇంజను దించాలి. ఆ గొట్టం వేయలేదు. కొత్త షాఫ్టు వేసి, లోపలి నూనె దారులు శుభ్రం చేశాను.

2024 జూన్ 9

ఇంజను కారులోకి వెళ్ళింది. స్టార్టు చేసేముందు నూనె ప్రతి బేరింగుకూ చేరాలి. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటరునూ నూనె పంపునూ ఒకే గేరు తిప్పుతుంది. ఆ గేరును పైకి తీసేసి, చివర చదును చేసిన కడ్డీని డ్రిల్లు యంత్రానికి బిగించి పంపును తిప్పాం. నలభై సెకన్ల దాకా ఏమీ లేదు. మేస్త్రి గారు "ఆపకు" అన్నారు. ఉన్నట్టుండి డ్రిల్లు బరువెక్కి మూలిగింది, నూనె ఒత్తిడి మీటరు ముల్లు లేచి చదరపు అంగుళానికి నలభై పౌండ్లు దాటింది. రాకర్ల సందుల్లోంచి నూనె ఊరుతుంటే నాన్న టార్చి వేసి నాలుగు సిలిండర్లవీ ఒక్కొక్కటిగా చూశారు.

గేరు తిరిగి పెట్టి, ఫైరింగు వరుస 1-3-4-2 సరిచూసుకుని, తాళంచెవి నాన్నకు ఇచ్చాను. మూడో ప్రయత్నానికి అందుకుంది. క్యాము మీద కూర్చుని వాల్వులను కదిలించే ఫాలోయర్లు కొత్తవి కాబట్టి మొదటి ఇరవై నిమిషాలూ 2000 చుట్లకు తగ్గనివ్వకూడదు. చదునైన ఫాలోయరు క్యాము మీద రాసుకుంటూ తిరుగుతుంది. మొదటి నిమిషాల్లో ఆ రెండూ ఒకదానికొకటి ఒదగాలి. జింకు ఎక్కువగా ఉన్న 20డబ్ల్యూ50 మినరల్ నూనె పోశాను. ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ మాట్లాడలేదు. వేడెక్కాక 2000 చుట్ల దగ్గర ఒత్తిడి 52 పౌండ్లు, ఖాళీగా తిరిగేటప్పుడు 22.

2024 ఆగస్టు 4

చిన్న చిక్కులు రెండు. రాత్రంతా ఆగి ఉదయం స్టార్టు చేసినప్పుడు రెండు సెకన్ల పాటు కింద గలగల. ఫిల్టరులోని నూనె రాత్రికి సంపులోకి జారిపోతోంది, బేరింగులు ఆ రెండు సెకన్లూ పొడిగా తిరుగుతున్నాయి. వెనక్కి జారకుండా వాల్వు ఉన్న ఫిల్టరు వేశాక ఆ చప్పుడు పోయింది. రెండోది, పాడి వంతెన కింద రద్దీలో వేడి పెరగడం. రేడియేటరు పక్కలనుంచి గాలి తప్పించుకుంటోంది. అల్యూమినియం రేకులు కత్తిరించి రెండు పక్కలా మూశాను. ఇప్పుడు ముల్లు మధ్య గీత దాటడం లేదు. హెడ్ నట్లు మళ్ళీ బిగించి, వాల్వు సందులు సరిచేశాను.

2025 జనవరి 19

వెయ్యి కిలోమీటర్ల మీద పన్నెండు. ఈ రోజు తెల్లవారి రెడ్ హిల్స్ మీదుగా షోలవరం వెళ్ళాం. నాన్నా, మేస్త్రి గారూ కారు ఆపించి దిగారు. పందేలు ఇరుంగాట్టుకోటై ట్రాక్‌కు మారి మూడున్నర దశాబ్దాలు కావస్తోంది. అయినా ఏ మూల దగ్గర కార్లు జారేవో, ఎక్కడ గడ్డి మూటలు పేర్చేవారో ఇద్దరూ చేతులతో చూపించుకున్నారు. అక్కడినుంచి గుమ్మిడిపూండి, తడ దాటి సూళ్ళూరుపేటలో టిఫిను. తిరుగు దారిలో నాన్నే నడిపారు. గంటకు 70 దగ్గర ఇంజను గొంతు చక్కగా కుదురుకుంటుంది. అంతకన్నా తొందరపెట్టాలని మనసుకే అనిపించదు.

ఇల్లు చేరి, ఇంజను చల్లారాక, డయల్ గేజి తెచ్చి పుల్లీకి ఆనించాను. మా అక్క కొడుకు సీటెక్కబోతే నాన్న "నేను నొక్కుతాను" అన్నారు.

0.16. అయిదుసార్లూ 0.16.

అయిదోసారి నొక్కి వదిలాక నాన్న గేరు కర్రను ఒకసారి అటూ ఇటూ కదిపి న్యూట్రల్‌లో ఉందని చూసుకున్నారు. ఆ తర్వాత ఎడమ కాలు పెడలు మీంచి పూర్తిగా తీసి పక్కన నేల మీద పెట్టారు. దారిలో ప్రతి సిగ్నలు దగ్గరా అలాగే చేశారని మేస్త్రి గారు అప్పుడు చెప్పారు. నేను వెనక సీట్లో కూర్చుని గమనించనే లేదు.

ఎస్‌యూ కార్బురేటర్ల జత కోసం మా అక్క కొడుకు రేపు పుదుపేటకు వెళుతున్నాడు. ఈసారి నేను వద్దనలేదు.